తఫీదా అత్త ముందే సంతోషించింది

కైరోలో షుబ్రా పేటలో పొద్దునంటే బుట్టల వేళ. పై అంతస్తుల వసారాల నుంచి తాళ్ళు కట్టిన బుట్టలు కిందికి దిగుతాయి. ఒకదాంట్లో ఉడికిన చిక్కుడుగింజల ఫూల్ గిన్నె, ఒకదాంట్లో వేడి రొట్టెలు, ఒకదాంట్లో పక్కింటావిడ సంగతులు కాసిని పైకెక్కుతాయి. తఫీదా అత్త తాడు లాగుతూ లాగుతూ పకపకా నవ్వింది. రొట్టెలతను చెప్పబోయిన హాస్యం ఇంకా అతని నోట్లోనే ఉంది. అతను తలెత్తి చూసి, "నవ్వేశావా అమ్మా, అయితే ఇంక చెప్పేదేముంది" అని సైకిలెక్కి పోయాడు.

ఆవిడ తీరే అంత. లోకంలో అందరికీ ఏదో ఒకటి జరిగాక దుఃఖమో సంతోషమో కలుగుతుంది. ఆవిడకు దుఃఖమో సంతోషమో ముందు కలిగి, జరగాల్సింది తీరిగ్గా తర్వాత జరుగుతుంది. చిన్న సంగతైతే క్షణం ముందు, పెద్దదైతే వారాల ముందు. మిరియాల డబ్బా మూత తియ్యకముందే తుమ్ముతుంది. వీధిలో ట్రాము పట్టాలు పీకేస్తారన్న కబురు ఇంకా ఎవరికీ తెలియనప్పుడు ఓ శుక్రవారమంతా కూర్చుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావంటే ఆవిడకూ తెలియదు. "వస్తుందిలే, చూద్దాం" అంటుంది. వరస మాత్రం ఎన్నడూ తప్పదు. ముందొచ్చిన ఏడుపు ముందు జరిగేదానికి, వెనకొచ్చిన నవ్వు వెనక జరిగేదానికి. భర్త పోయిన రోజు ఆవిడ పొడికళ్ళతో కూర్చుంటే, పలకరించడానికొచ్చినవాళ్ళు, "పాపం, తన వంతు మొన్న రంజానులోనే ఏడ్చేసింది" అనుకుని చేదు కాఫీ తాగి వెళ్ళారు.

ఆవిడ మేనకోడలు రావియా. తండ్రి లేడు, తల్లి బదీయాతోనూ ఈ మేనత్తతోనూ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇంకా బజారుకు రాని సరుకుల్ని నలుగురికీ చూపించి, వాళ్ళేమనుకుంటున్నారో కనుక్కునే ఉద్యోగం ఆ పిల్లది. ఊళ్ళోకెల్లా పెద్ద యంత్రాల కంపెనీ. ఆ కంపెనీలో కొత్త సరుకులన్నీ హాతిమ్ చేతి మీదుగా బయటికొస్తాయి. హాతిమ్‌కు రావియా నచ్చింది. రావియాకు కూడా నచ్చాడనే అందరూ అనుకున్నారు, ఆ పిల్ల కాదనలేదు గనక. పెద్దవాళ్ళు కూర్చుని, మాట ఖాయమైనట్టు ఫాతిహా చదువుకున్నారు. ఇక పెళ్ళికొడుకు పెట్టే షబ్కా బంగారం ఒక్కటే మిగిలింది.

ఆ చలికాలం కంపెనీ మూడు కొత్తవి తెస్తోంది. "మామూలు ఆడవాళ్ళు కావాలి, మీ వీధిలోవాళ్ళను తీసుకురా" అన్నాడు హాతిమ్. మామూలు ఆడవాళ్ళంటే అతని లెక్కలో కొనేవాళ్ళు, ప్రశ్నలు వెయ్యనివాళ్ళు.

రావియా వాళ్ళను నస్ర్ సిటీలో కంపెనీవాళ్ళ చల్లటి గదికి తీసుకెళ్ళింది. పెళ్ళిళ్ళకు కట్టుకునే తలగుడ్డలు కట్టుకుని వచ్చారు అందరూ. మొదట ఒక ఫ్రిజ్. అయిపోయిన సామాను తనంతట తానే చూసుకుని కొట్టుకు కబురు పెడుతుందట. గుడ్డ తియ్యకముందే తఫీదా అత్త ఆవలించింది. పక్కింటి ఉమ్ అన్వర్ మాత్రం, అది బేరమాడుతుందా లేక వాడు చెప్పిన ధరకే తెచ్చి పడేస్తుందా అని అడిగింది. రెండోది పిల్లల్ని నిద్రలేపి పాఠాలు చదివించే గొంతు, నెలనెలా చందా కట్టాలి. ఉమ్ అన్వర్ దాన్నీ వదల్లేదు. "లేవనివాణ్ణి చెప్పుతో కొడుతుందా? మరి నాకెందుకు?" అంది. గదంతా నవ్వింది. హాతిమ్ కూడా నవ్వాడు, వాచీ చూసుకుంటూ.

మూడోది ఒక కడియం. సన్నది, బంగారు పూత, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పేరు ఇత్మినాన్, అంటే నిశ్చింత. ఆడమనిషి చేతికుంటే ఆమె ఎక్కడుందో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎవరింట్లో ఎంతసేపు కూర్చుందో ఇంట్లో మగవాడి ఫోనులో కనిపిస్తుంది. నిశ్చింత ఎవరికో పెట్టె మీద రాయలేదు. ఇకనుంచి మన ఆడపిల్లలకు షబ్కా అంటే ఇదేనని హాతిమ్ ఎంతో ప్రేమగా చెప్పాడు. అతనక్కడ మాట్లాడుతుంటే, ఇక్కడ వెనక వరసలో తఫీదా అత్త ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు, వెక్కిళ్ళు లేవు. తలగుడ్డ కొంగు తడిసి ముద్దయ్యేదాకా ఏడ్చింది. చిన్న సంగతికి పెట్టే ఏడుపు కాదది. పెద్దదేదో రాబోతోందని ఉమ్ అన్వర్ ఆవిడ వీపు నిమిరింది.

"ఇది మగాళ్ళకు కూడా ఉందా నాయనా?" అని ఎవరో అడిగారు.

"వచ్చే ఏడు చూద్దామమ్మా."

ఆ వచ్చే ఏడు ఏ ఏడో అందరికీ తెలుసు గనక మళ్ళీ నవ్వుకున్నారు. నవ్వాక, ఇది మీకు నచ్చిందా, మీ పిల్లకు పెడతారా అని ఒక్కొక్కరినీ అడిగింది రావియా. నచ్చింది, మీ చేతులు చల్లగుండ, అన్నారు అందరూ. షుబ్రాలో ఒకడు తెచ్చిన వస్తువు నీ ముందు విప్పి చూపించాడంటే నువ్వనాల్సిన మాట అదొక్కటే. బాగాలేదంటే విస్తట్లో ఉమ్మినట్టు. ఆ మాటకు ఔనని అర్థం కాదని రావియాకు తెలుసు, హాతిమ్‌కూ తెలుసు. అతను పుట్టి పెరిగిన ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా, "ఔననే రాసుకో, పైవాళ్ళకు ఇవన్నీ అర్థం కావు" అన్నాడు. ఆ పిల్ల ఔననే రాసుకుంది. ఏడుపు సంగతి ఎక్కడా రాసుకోలేదు, కాగితంలో దానికి చోటు లేదు.

వారం తిరక్కుండా మరో సంగతి జరిగింది. హాతిమ్ వాళ్ళింట్లో టీ తాగుతూ బదీయాతో పెళ్ళి మాటలు మాట్లాడుతున్నాడు. వసారాలో బుట్ట పైకి లాగుతున్న తఫీదా అత్త తాడు కొక్కేనికి తగిలించి, తల వెనక్కి వాల్చి, నాలుక ఆడిస్తూ జగ్రూత పెట్టింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు గొంతెత్తి పెట్టే సంతోషపు కేక అది. ఆవిడ నోట అలాంటిది ఆ వీధి ఎప్పుడూ వినలేదు. ముసలి గొంతు కాదు, పదహారేళ్ళ గొంతు. కింద కూరగాయల బండి ఆగిపోయింది. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. గూడుపావురాలన్నీ ఒక్కసారిగా లేచి మేడ చుట్టూ తిరుగుతూ ఎంతకీ దిగలేదు.

"ఏమిటొదినా ఇంత సంతోషం?" అని కళ్ళు తుడుచుకుంది బదీయా.

"వస్తుందిలే" అంది తఫీదా అత్త, ఆయాసపడుతూ. "వచ్చేది మాత్రం చాలా పెద్దది."

ఇంకేం వస్తుంది, షబ్కా వస్తుంది అనుకుంది బదీయా. హాతిమ్ అయితే అనుకోవడంతో ఆగలేదు. ఆ గొంతు ఫోనులో పట్టేశాడు, ముసలావిడ మళ్ళీ మళ్ళీ ఊపిరి తీసుకుని పెడుతూనే ఉంది మరి. పది రోజుల్లో అది కంపెనీ ప్రకటన అయి కూర్చుంది. నల్లటి తెర, సన్నటి కడియం, తఫీదా అత్త జగ్రూత, ఆ తర్వాత ఒక మగగొంతు: ఇంకా రాకముందే కైరో తల్లులు సంతోషిస్తున్నారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళ సంతోషానికి అనుమతి ఏమిటి, గాలిలాంటిది కదా.

కడియం బయటికొచ్చే రోజు నైలు ఒడ్డున హోటల్లో పండగ చేశారు. వేదిక మీద హాతిమ్ మొట్టమొదటి కడియాన్ని రావియా చేతికి తొడిగాడు. షబ్కా, సరుకు ఒకే ముహూర్తాన. దీపాలు మొహం మీద పడుతుంటే, ఏదో ఒకటి అనాలి గనక, "నీ చేతులు చల్లగుండ" అంది ఆ పిల్ల. అందరూ చప్పట్లు కొట్టారు. షుబ్రా ఆడవాళ్ళంతా జగ్రూత పెట్టారు. తఫీదా అత్త మాత్రం వేరుశనగలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఉమ్ అన్వర్ మోచేత్తో పొడిస్తే, "ఇవాళ్టిది నాకు అయిపోయిందే" అంది. అవును పాపం, ముందే సంతోషించేసింది కదా అని సరిపెట్టుకున్నారు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. మైక్రోబస్సు ఎక్కగానే హాతిమ్ ఫోన్. అబ్బాసియాలో అంతసేపు ఎందుకాగావు? ట్రాఫిక్. నీ స్నేహితురాలింట్లో గుండె ఎందుకంత వేగంగా కొట్టుకుంది? నవ్వాం. దేనికి? ఆ నవ్వు దేనికో చెప్పబోయేసరికి అందులో నవ్వేమీ మిగల్లేదు. అతను కోప్పడేవాడు కాదు, అరిచేవాడు కాదు. నీ మీద ప్రాణం గనకే అనేవాడు. బదీయాకు చెబితే, చూసుకునేవాడు దొరికాడు, అదృష్టం అంది. మెట్లెక్కినా, టీ ఎక్కువ తాగినా, వీధి కుక్క మొరిగినా జవాబు చెప్పుకోవాలి. రావియా గుండెను నెమ్మదిగా కొట్టుకోమని బతిమాలడం నేర్చుకుంది. పెళ్ళి దగ్గరపడింది. నికా కాగితాల మీద సంతకాల రోజు కూడా ఖాయం చేశారు.

ఒక మధ్యాహ్నం మైక్రోబస్సులో వస్తుంటే రేడియోలో ఆ ప్రకటన మొదలైంది. తఫీదా అత్త జగ్రూత బండంతా నిండింది. డ్రైవరు తాళం వేశాడు. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి, ఎవరిదో గాని కడుపులోంచి వచ్చిన సంతోషం తల్లీ, అంది. రావియా ఆ గొంతును అప్పటికి వందలసార్లు విన్నది. ఆ పూట మాత్రం దాని ముందు వినపడాల్సింది ఏదో వినపడలేదనిపించింది. కొంగు ముద్దయ్యేదాకా ఏడ్చిన ఏడుపు. ఏడుపు ముందు, జగ్రూత వెనక. వరస ఎన్నడూ తప్పదు.

ఏడుపు వెనక వచ్చిన పెద్ద సంగతి ఏది? నైలు ఒడ్డున వేదిక, దీపాలు, తన చెయ్యి. అత్త ఆ రోజు అయిపోయిందన్నది ఏడుపు సంగతి.

అయితే జగ్రూత దేనికి? అది ఇంకా జరగలేదు. ఊరంతా మోగుతోంది, ప్రకటన కింద రోజుకు ఇన్నిసార్లని అమ్ముడుపోతోంది, కానీ దాని కారణం ఇంకా లోకంలోకి రాలేదు. ఎక్కడో ఆగి ఉంది. ఎవరో వచ్చి కానివ్వాలి.

అప్పుడే కడియం సన్నగా వణికింది. వెంటనే ఫోను మోగింది.

"రావియా, ఏమైంది? నీ గుండె చూడు ఎలా పరిగెడుతోందో. ఎవరున్నారు పక్కన?"

"ఎవరూ లేరు."

"మరి?"

ఆ పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుంది. నస్ర్ సిటీ గదిలో ఆడవాళ్ళు చేతులు చల్లగుండ అని చేసిన మర్యాదే తనూ వేదిక మీద చేసిందనీ, వాళ్ళు కంపెనీ పెట్టిన కేకు తిని ఇళ్ళకు వెళ్ళిపోతే తను మాత్రం అక్కడే ఉండిపోయిందనీ అనుకుంటూ కూర్చుంది. తర్వాత కడియం వైపు చూసింది. దానికి తాళం లేదు. చిన్న కొక్కెం, చంటిపిల్ల కూడా తియ్యగలదు. తాళం పెట్టాల్సిన అవసరం ఉందని కంపెనీ అనుకోలేదు. ఆ పని చూసుకోవడానికి ఇళ్ళల్లో తల్లులున్నారు.

కొక్కెం తీసింది. హాతిమ్ ఫోనులో ఆ పిల్ల గుండె ఆగిపోయింది. మైక్రోబస్సులో మాత్రం శుభ్రంగా కొట్టుకుంటోంది.

సాయంత్రానికి అతను పరిగెత్తుకొచ్చాడు. కూతురు పెళ్ళి వద్దన్న మాట విని బదీయా అప్పటికే నెత్తి కొట్టుకుని, వీధికేం చెప్పుకోవాలని ఏడ్చి, ఉమ్ అన్వర్ ఇంటికి వెళ్ళి మళ్ళీ ఏడ్చి వచ్చింది. పెళ్ళి వద్దన్నది మగవాడైతే షబ్కా పిల్ల దగ్గరే ఉంటుంది, పిల్లయితే తిరిగివ్వాలి. అది అక్కడి ధర్మం. రావియా కడియాన్ని టీ పళ్ళెంలో పెట్టి, టీతో పాటు అతని ముందుంచింది.

"వద్దనడానికి నేనేం తప్పు చేశాను?" అన్నాడు హాతిమ్. నిజంగానే అతనికి తెలియదు. "ఒక్కటి చెప్పు. అరిచానా? కొట్టానా?"

"లేదు."

"మరి జనం ఏమనుకుంటారు? మీ అత్త సంతోషం దేశమంతా విన్నది రావియా. ఈ కడియం ఇంకా రాకముందే ఆవిడ జగ్రూత పెట్టింది. నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను."

"పెట్టింది" అంది రావియా. "ఇవాళ్టి కోసం పెట్టింది."

అతను తఫీదా అత్త వైపు చూశాడు. ఆవిడ కిటికీ పక్కన మొలోఖియా ఆకు తుంచుతోంది. మొహంలో సంతోషమూ లేదు, దిగులూ లేదు. తన పని ఎప్పుడో అయిపోయిన మనిషిలా ఉంది. హాతిమ్‌కు ఆ వీధి సంగతులన్నీ తెలుసు గనక ఇంకేమీ అడగలేదు. కడియం జేబులో వేసుకుని, టీ తాగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కంపెనీ మాత్రం ప్రకటన ఆపలేదు, దానికైన ఖర్చు అలాంటిది. ఇప్పటికీ కైరోలో రోజూ పొద్దునా సాయంత్రం ఏ కొట్లో చూసినా, ఏ వంటింట్లో చూసినా, పెళ్ళి మానుకున్న పిల్ల కోసం ఒక ముసలావిడ పెట్టిన జగ్రూత మోగుతూనే ఉంది. దేనికో తెలియక ఆడవాళ్ళు వింటున్నారు. వింటూ వింటూ కొందరు చేతి మణికట్టు నిమురుకుంటున్నారు.

హాతిమ్ అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయాక రావియా వెళ్ళి అత్త పక్కన కూర్చుని ఆకు తుంచడం మొదలుపెట్టింది. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. లోపలి గదిలో బదీయా ముక్కు చీదుతోంది. తఫీదా అత్త మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత ఒళ్ళో ఆకంతా నేలపాలయ్యేంతగా నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"దేనికత్తా?" అంది రావియా.

"నాకేం తెలుసే" అంది ఆవిడ, ఊపిరి అందక. "వెళ్ళి చేసిరా, చూద్దాం."