ఎవరూ దిద్దని పేరు

యుద్ధంలో పోయినవాళ్ల పేర్లకు ఏటా నల్లరంగు దిద్దడం ఆ ఊళ్లో ఎవరింటి పని వాళ్లది. స్మారకం దగ్గర సభ జరిగే ముందురోజు కుంచె పట్టుకుని వస్తారు, తమవాడి పేరు దిద్దుకుంటారు, పక్కవాడి పేరు వంక కన్నెత్తి చూడరు.

ఆ పొద్దున వెల్డరు తండ్రి పేరు దిద్దడానికి వెళ్లి, రాయి ముందు కొయ్యబారిపోయాడు. తండ్రి పేరు కిందే, ఇన్నాళ్లూ నాచు పట్టి ఉన్న పేరు నల్లగా నిగనిగలాడుతోంది.

అది పారిపోయినవాడి పేరు. యుద్ధం జోరుమీదున్నప్పుడు ఊరి పొలాల్లో యూనిఫాంతో తిరుగుతుంటే నలుగురి కళ్లా పడ్డాడు. ఆ తర్వాత అతనూ యుద్ధంలోనే పోయాడని కబురొచ్చినా పిరికివాడన్న ముద్ర పోలేదు. కూలిన వంతెన రాళ్లతో స్మారకం కట్టినప్పుడు, పేర్లు పైనుంచి, సైన్యం జాబితాలో వచ్చాయి కాబట్టి చెక్కక తప్పలేదు. రంగు మాత్రం ఎవరూ తాకించలేదు. పైన నిలబెట్టిన రాతి సిపాయి తుపాకీ తలకిందులుగా ఆనించి, తల వంచుకుని ఉంటాడు. పోయినవాళ్ల మీద దుఃఖమని చెక్కినవాడు చెప్పిపోయాడు. కాదు, ఆ పేరు చూడలేక సిగ్గుపడుతున్నాడని ఊరు తేల్చింది.

వెల్డరుకు ఊళ్లో ఉన్న గౌరవమంతా అమరుడి కొడుకని సభనాడు ముందు వరసలో వేసే కుర్చీయే. మిగతా రోజుల్లో గేటు బాగుచేయించుకుని, వంకలు పెట్టి పోయేవాళ్లే. ఆ కుర్చీ కిందికి ఎవరో నీళ్లు తెస్తున్నారనిపించింది. ఎవరో ఏమిటి, పారిపోయినవాడి కొడుకే. స్మారకానికి వీధి అవతల సెలూన్ వాడు. వెల్డరు ఇంటి మగాళ్లు ఆ సెలూన్ గడప తొక్కరు. గడ్డానికైనా పక్కూరికే.

"బయటికి రా," అన్నాడు వెల్డరు సెలూన్ గుమ్మంలో నిలబడి.

"గడ్డం సగంలో ఉంది. ఏం కొంపలంటుకున్నాయి?"

"మీ నాన్న పేరుకి రంగెందుకేశావ్?"

సెలూన్ వాడి కత్తి ఆగింది. "నేనా? ఆ రాయి దగ్గరికొస్తే కాళ్లిరగ్గొడతానన్నది నువ్వే కదా!"

"మరి దయ్యాలేశాయా?"

సెలూన్ వాడు చేతులు తుడుచుకుని గబగబా నడిచాడు. తండ్రి పేరు మీద వేలు ఆనించి, వాసన చూసి, వెల్డరు వైపు తిరిగాడు.

"గేట్ల రంగు ఇది. నా కొట్లో సబ్బు నురగ తప్ప ఏముంది? నువ్వే పూసి, నా నెత్తిన రుద్ది, రేపు సభలో పరువు తీద్దామనా?"

వెల్డరు గిరుక్కున వెనుదిరిగాడు. షాపుకెళ్లి చూస్తే రంగు డబ్బా మూత సరిగ్గా పట్టలేదు. వెనకగదిలో తల్లి మంచం మీద కూర్చుని ఉంది. గోళ్ల సందుల్లో నలుపు.

"ఎవరు చెప్పారే నీకీ పని? ఆ సెలూన్ వాడొచ్చాడా?"

"ఎవరొస్తార్రా నా దగ్గరికి! పోయేలోపు ఒక్కసారైనా దిద్దాలనుకున్నా. పారిపోయొచ్చింది సెలూన్ వాడి నాన్న కాదురా. మీ నాన్న."

వెల్డరు ముసలిదానికి మతి చలించిందనుకున్నాడు. ఆమె అటక వైపు చూపించింది.

"అదిగో, అక్కడ దాక్కున్నాడు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నావ్. ఆయనేమో మీ నాన్నని వెతుక్కుంటూ వచ్చి, బతిమాలి, వెంటబెట్టుకుని పోయాడు. ఇద్దరూ యుద్ధంలోనే పోయారు. ఊరి కళ్లబడింది మాత్రం ఆయనే."

"నువ్వెందుకు నోరు మూసుకున్నావ్?"

"నీ కుర్చీ కోసం." గోళ్ల నలుపు గీక్కుంటూ అంది, "అంత అనుమానంగా చూడకు. పట్టివ్వడానికొచ్చావా అని మీ నాన్నా ఆయన్ని అట్లాగే చూశాడు."

మర్నాడు సభకు ముందు వెల్డరు సెలూన్‌లోకెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. సెలూన్ వాడు ఎగాదిగా చూసి, మెడకు గుడ్డ కట్టాడు.

"పక్కూరి సెలూన్ మూతపడిందా?"

అద్దంలో రాతి సిపాయి కనిపిస్తున్నాడు. ఇన్నేళ్లూ వాడు కింది పేరునే చూస్తున్నాడని వెల్డరు అనుకున్నాడు. ఆ చూపు ముందు పడేది దాని పైనున్న తన తండ్రి పేరు మీద.

కత్తి గొంతు మీదికొచ్చింది. "కదలకు, తెగుద్ది."

"ఒక మాట చెప్పాలి."

"ఏం మాట? ఏం ఎత్తు వేసుకొచ్చావ్?"

"పారిపోయింది మీ నాన్న కాదు. మా నాన్న."

 సెలూన్ వాడు అద్దంలోంచి వెల్డరు కళ్లలోకే చూస్తున్నాడు. కత్తి మాత్రం తీయలేదు.