చివరి మాట నువ్వు చెప్పు

టీచరమ్మ ఫోన్ చేసేసరికి మెకానిక్ బస్సు కింద పడుకుని గేరుబాక్సు విప్పుతున్నాడు.

"ఒకసారి స్కూలుకి రండి. పాపకేం కాలేదు. కానీ రండి" అంది.

పాపకేం కాలేదు అన్న మాటే అతన్ని భయపెట్టింది. చేతుల జిడ్డు సగం తుడిచీ తుడవకుండానే బయల్దేరాడు.

డిపో నుంచి రోడ్డు మీదికి రావాలంటే బస్టాండు మధ్య నుంచే దారి. నెత్తి మీద స్పీకర్లలో అతని భార్య మాట్లాడుతోంది. బస్సు నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని, ప్రయాణికులు లైన్లో నిలబడాలని. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అక్కడే అనౌన్సరుగా పనిచేసేది. రికార్డు చేసిపెట్టిన ఆ గొంతునే ఇంకా వాడుతున్నారు. రద్దయిపోయిన బస్సు కూడా వస్తోందని ఆ గొంతు తియ్యగా చెబుతుంది. జనం సంచులు మోసుకుంటూ వెళ్ళి నిలబడతారు. చూసి చూసి విసుగొచ్చి, ఖాకీ బట్టల్లో కనపడ్డ మెకానిక్‌ని పట్టుకుని దులిపేస్తారు. తిట్లు అతనికి అలవాటే. ఆ గొంతు కింద మాత్రం ఎండలో చెప్పుల్లేనివాడిలా గబగబా నడిచిపోతాడు.

స్కూలు వరండాలో టీచరమ్మ అతన్ని ఓ పక్కకి పిలిచింది.

"ఇంట్లో పాపకి ఇంగ్లీషు ఎవరు నేర్పిస్తున్నారండీ?"

"వాళ్ళమ్మ" అన్నాడు, కాస్త గర్వంగానే. ఆవిడ మొహం చూశాక సర్దుకున్నాడు. "అంటే, స్పీకర్లో పెట్టే రికార్డింగులండీ. తనకి సాయంత్రం డ్యూటీ పడేది. పిల్లకి చదువు ఆగిపోకూడదని, అనౌన్స్‌మెంట్ల గదిలో కూర్చుని ఖాళీ దొరికినప్పుడల్లా బొమ్మల పుస్తకాలు చదివి పెట్టింది. వాక్యం మొత్తం తను చదువుతుంది. చివరి మాట దగ్గర ఆగుతుంది. అది పిల్ల చెప్పాలి. అప్పుడు 'భేష్ తల్లీ, పేజీ తిప్పు' అంటుంది. మా పిచ్చుక ఒక్క రోజు కూడా మానలేదు."

పిచ్చుక అంటే కూతురు. తినేది గింజంత, అరిచేది ఇంటెడు అని వాళ్ళమ్మే పెట్టిన పేరు.

"నిన్న ఓ పుస్తకం ఇచ్చి చదవమన్నానండీ" అంది టీచరమ్మ. "గడగడా చదివింది. చివరి మాట దగ్గర ఆగిపోయింది. ఎవరో అందిస్తారన్నట్టు చెవి పక్కకి పెట్టి కూర్చుంది. కాసేపయ్యాక తనే 'భేష్ తల్లీ' అంది. అది పాప గొంతు కాదండీ. పెద్దావిడ గొంతు. పక్కన కూర్చున్న పిల్ల లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయింది. ఇవాళ కూడా దీని పక్కన ఎవరూ కూర్చోలేదు."

మెకానిక్ చేతుల జిడ్డు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "చదవడమైతే చదివింది కదండీ."

"అదే చెప్పబోతున్నా. నేనిచ్చింది చేపల పుస్తకం. అది చదివింది బాతు కథ. బాతు నడిచింది, బాతు టబ్బులోకి దిగింది అని. సరిగ్గా టైముకి పేజీలు తిప్పుకుంటూ మరీ. దానికి అక్షరం రాదండీ. అటు చూడను కూడా చూడదు."

వరండా అవతల పిల్లలు ఏదో పాట పాడుతున్నారు. అందులో పిచ్చుక గొంతు ఉందో లేదో అతనికి తెలియలేదు.

"ఆ స్పీకరు ఆపేయండి" అంది టీచరమ్మ, మెల్లగా. "పక్కన మనిషి కూర్చోవాలి. తప్పయితే తప్పని చెప్పే మనిషి. లేకపోతే పై క్లాసు మాట అటుంచండి, ఈ పిల్లకి ఎప్పటికీ చదవడం రాదు."

"నా ఇంగ్లీషు అంతంతమాత్రం టీచర్ గారూ. సామాన్ల డబ్బాల మీద పేర్లు కూడబలుక్కుంటాను. అంతే."

"ఆ కూడబలుక్కోవడమే చూపించండి. దానికి కావలసింది అదే."

డిపోలో మిగిలిన పని ముగించుకుని ఇంటికి నడుస్తూ, రేపటి నుంచి ఆపేద్దాంలే అనుకున్నాడు. రేపంటే వీలైతే ఎల్లుండి. ఆ స్పీకరు పిల్ల ఒక్కదానిదే అయితే ఈపాటికి ఆపేసేవాడు. సాయంత్రం అది పలకడం మొదలుపెట్టగానే, అతను వంటింట్లో గిన్నెలు తోమడానికి తయారవుతాడు. తోమిన గిన్నే మళ్ళీ తోముతాడు. హాల్లో అతని అత్తగారు చేటలో చిక్కుళ్ళు పోసుకుని స్పీకరుకి ఎదురుగా చేరుతుంది. ఇంగ్లీషు ముక్క రాదు ఆవిడకి. అయినా తన కూతురు ఆగిన చోటల్లా ఆవిడ చెయ్యీ ఆగుతుంది.

తలుపు దగ్గరికి వచ్చేసరికే భార్య గొంతు వినిపించింది.

"ద డక్ గాట్ ఇంటు ద..."

తర్వాత నిశ్శబ్దం. పిచ్చుక బదులు చెప్పలేదు.

"భేష్ తల్లీ. పేజీ తిప్పు."

అతను చెప్పులు విప్పబోయి ఆగిపోయాడు. తలుపు సందులోంచి చూశాడు. పిల్ల పెదాలు రెండూ నొక్కిపట్టి స్పీకరు వంక గుడ్లప్పగించి చూస్తోంది. వేలితో వెనక్కి తిప్పే బటన్ నొక్కింది. మళ్ళీ అదే వాక్యం. మళ్ళీ ఖాళీ.

"గాడిద" అంది పిచ్చుక.

"భేష్ తల్లీ. పేజీ తిప్పు."

మళ్ళీ వెనక్కి నొక్కింది.

"అమ్మా, నేను తప్పు చెప్పాను."

"భేష్ తల్లీ" అంది అమ్మ, అదే ముద్దుగా, అంతే ప్రేమగా. "పేజీ తిప్పు."

మెకానిక్ తలుపు తోశాడు. ఏడాదిగా ఆ మాట వింటున్నాడు. అది ఎవరికీ చెబుతున్న మాట కాదని ఇప్పుడే తెలిసింది.

పిచ్చుక తండ్రిని చూసింది. ఏడవలేదు. దొంగని పట్టుకున్నంత గంభీరంగా ఉంది మొహం.

"నాన్నా, అమ్మకి వినపడట్లేదు. నేనేం చెప్పినా భేష్ అంటోంది."

అతను లోపలికొచ్చి ప్లగ్గు లాగేశాడు.

"ఏమిటయ్యా ఆ పని?" అంది అత్తగారు. "దాని మానాన అది చెప్పుకుంటోంది. నిన్నేమన్నా అందా?"

"పిల్లకి చదువు రావట్లేదంట అత్తయ్యా. ఇది ఆపమంది టీచరు."

"ఆ టీచరుకేం, వంద చెబుతుంది. కన్నదాని గొంతు ఇంట్లో వినపడకపోతే ఇది ఇల్లా, సత్రమా? నీకు చేతులెలా వచ్చాయి?"

"బస్టాండులో రోజూ వింటున్నాగా. రాని బస్సు వస్తోందంటుంది. అది నమ్మి జనం అక్కడే పడుంటారు. మన పిల్లనీ అలా నిలబెడదామా?"

ఆవిడ నోరు తెరిచేలోపు, బల్ల మీద నుంచి ఆ గొంతే అందుకుంది.

"ద డక్ గాట్ ఇంటు ద..."

ముగ్గురూ కొయ్యబారిపోయారు. ప్లగ్గు మెకానిక్ చేతిలోనే ఉంది. స్పీకర్లో బ్యాటరీ ఉంటుందని, ప్లగ్గు పీకినా కాసేపటికి ఆ పేజీనే మళ్ళీ మొదలుపెడుతుందని, పగలంతా బ్యాటరీలతో కుస్తీపట్టే మనిషికి గుర్తు రావడానికి కాస్త టైము పట్టింది.

"భేష్ తల్లీ."

అత్తగారు చేట పక్కన పెట్టి లేచింది. స్పీకరుని రెండు చేతులా తీసుకుంది, పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరింది. "నువ్వింక పడుకోవే" అని బటన్ నొక్కేసింది. దాన్ని లోపల అలమారలో పెట్టి వచ్చి చిక్కుళ్ళ ముందు కూర్చుంది. ఒలవలేదు.

"ఊఁ, కానియ్ మరి. పిల్లని ఊరికే కూర్చోబెట్టకు" అంది, అల్లుడి వంక చూడకుండా.

మెకానిక్ పిచ్చుక పక్కన చతికిలబడి బాతు పుస్తకం విప్పాడు. నల్లటి వేలు మొదటి మాట కింద పెట్టాడు.

"ద. డ్... అ... క్. డక్." తడుముకున్నాడు. "గ్... ఆ... ట్. గాట్."

"బస్సు బోర్డు దూరంనుంచి చదివినట్టుందయ్యా" అంది అత్తగారు.

"దగ్గరికొస్తుందిలే అత్తయ్యా."

పిచ్చుక అతని పెదాల వంకే చూస్తోంది. అక్షరాల వంక కాదు. చివరి మాట దగ్గర అతను ఆగాడు. బొమ్మ కనపడకుండా అరచేయి అడ్డం పెట్టాడు. పిల్ల చెవి ఎప్పటిలాగే పక్కకి తిరిగింది. ఎవరూ అందివ్వలేదు.

"బస్సు" అంది, అతన్ని ఓరగా చూస్తూ.

"కాదు."

పిచ్చుక కనుబొమ్మలు పైకి లేచాయి. ఇంట్లో ఆ మాట విని ఎన్నాళ్ళయిందో.

"గాడిద."

"కాదు."

"బల్ల."

"కాదమ్మా."

పిల్లకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఎక్కడో తెగిపోయింది. తండ్రి జేబుని గుప్పెట పట్టుకుని, చాలా చిన్నగా అడిగింది.

"అమ్మ?"

చిక్కుళ్ళ చేట మీద అత్తగారి చెయ్యి బిగుసుకుంది. మెకానిక్‌కి భేష్ అనెయ్యాలనిపించింది, ఒక్కసారికి. అదెంత తేలిక.

"కాదు తల్లీ" అన్నాడు. "అమ్మ కాదు. ఇక్కడేముందో చూడు."

పిచ్చుక జేబు వదల్లేదు. రెండో చెయ్యి మాత్రం ముందుకు జరిగి, అతని నల్లటి వేలి పక్కన ఆగింది. తల దించి, మొదటిసారిగా అక్షరం వంక చూసింది.

"ట్" అంది.