ఏడో పంపు పేరు

మా పై ఆఫీసరు దేవేంద్రప్ప సార్ నా రిపోర్టును రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "శానా బాగా రాసినావమ్మా" అన్నాడు. ఆ రోజు గర్వంతో నా కాళ్లు నేల మీద లేవు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రిపోర్టు సారాంశం ఇంతే. పత్తికొండ దగ్గరున్న ఏడో పంపు నుంచి ఎవరో కావాలని మా కంట్రోల్ రూమ్ మీద దాడి చేశారు. ఆ పంపు ఆపరేటర్ ఓబులేసు, పద్నాలుగేళ్ల సర్వీసు. మంగళవారం నేను రిపోర్టు ఇచ్చాను. బుధవారం ఆయన్ని డ్యూటీ నుంచి ఆపేశారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి విచారణ, అది కాగానే కాగితం పోలీస్ స్టేషన్‌కు పోతుంది.

నా పేరు సాజియా, మాది కడప. కర్నూలులో ఒక తాగునీటి పథకానికి నెట్‌వర్క్ చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం నాది. పల్లెల్లో ఇరవై రెండు పంపులున్నాయి. ఏ సంపులో ఎంత నీళ్లున్నాయి, ఏ మోటారు తిరుగుతోంది అన్న సమాచారమంతా చిన్న చిన్న ప్యాకెట్లుగా మా దగ్గరికి వస్తుంది. ఆ ప్యాకెట్లను విప్పి చదివే సాఫ్ట్‌వేర్ బయటి కంపెనీది. కానీ మా పంపుల భాష దానికి రాదు. ఆ భాష నేర్పే ముక్కను నేనే రాశాను, రెండేళ్ల కింద, మూడే మూడు రోజుల్లో. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాను కూడా.

సోమవారం పదకొండింటికి ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. పది నిమిషాలకు మళ్లీ పోయింది. మధ్యాహ్నం దాకా ఇదే గోల. సంపులో నీళ్లు తగ్గితే మేం చూసి ఫోన్ చేయాలి, అప్పుడు ఆపరేటర్ మోటారు ఆపాలి. అదీ పద్ధతి. ఏడో పంపు సంపు అడుగంటినప్పుడు మా తెర ఖాళీగా ఉంది. ఎవరూ ఫోన్ చేయలేదు. ఓబులేసు ఊళ్లో వాల్వు తిప్పడానికి పోయి ఉన్నాడు. మోటారు నీళ్లు లేకుండా రెండు గంటలు తిరిగి కాలిపోయింది. మూడు పల్లెలకు నీళ్లు బంద్.

పైనుంచి ఒకటే ఫోన్లు, ఒకటే కేకలు. నాకు ఒళ్లు మండిపోయింది. రికార్డయిన ప్యాకెట్లన్నీ తీసి చూశాను. సాఫ్ట్‌వేర్ పోయిన ప్రతిసారీ దానికి ముందు వచ్చింది ఏడో పంపు ప్యాకెట్టే. అందులో పంపు పేరు ఉండాల్సిన చోట వందకు పైగా అంకెల గుర్తులు, ఈ-సున్నా బీ-సున్నా, ఈ-సున్నా బీ-ఒకటి అంటూ వరసపెట్టి వచ్చిందే వస్తోంది. పేరు కోసం ప్రోగ్రాంలో కొంచెం చోటు పెడతాం. దాన్ని మించి కుక్కితే, చెంబులో బిందెడు నీళ్లు పోసినట్టు పొర్లి పక్కనున్నవన్నీ పాడవుతాయి, ప్రోగ్రాం చచ్చిపోతుంది. బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు దాన్ని. కంప్యూటర్‌ను లొంగదీసుకోవాలనుకునేవాళ్లు ఇట్లాగే ఒకే రకం చెత్తను వరసగా కుక్కి పంపుతారని చదివాను. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. ఏడో పంపు ప్యాకెట్లు లోపలికి రాకుండా అడ్డు పెట్టి, అరగంటలో రిపోర్టు రాసి పడేశాను.

బుధవారం సాయంత్రం మొదలైంది నా యాతన. దాడి చేసేవాడు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి ప్రయత్నిస్తాడు. ఇది అట్లా లేదు. సరిగ్గా పది నిమిషాలకొకసారి, ఒక్క గుర్తు కూడా మారకుండా అదే ప్యాకెట్. ఇంత బుద్ధిమంతుడైన దొంగ ఎవడబ్బా? టీ తెచ్చుకున్నాను, తాగలేదు. కుర్చీలో కూర్చున్నాను, లేచాను. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస.

పంపు దగ్గర ఆ ప్యాకెట్లు పంపే కంట్రోలర్ పెట్టెను సాక్ష్యంగా తెమ్మనీ, వస్తూ ఓబులేసును కూడా ఎక్కించుకు రమ్మనీ దేవేంద్రప్ప సార్ చెప్పి ఉన్నాడు. గురువారం పొద్దున్నే ఆఫీసు జీపులో బయల్దేరాను. పత్తికొండలో టమోటా ఆటోలు రోడ్డుకు అడ్డంగా నిలబడిపోతే దిగి డ్రైవర్ల మీద అరిచాను. పాపం వాళ్లేం చేశారు?

పంపుహౌస్ ముందర ఓబులేసు భార్య సోమక్క ఖాళీ బిందెల పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు నడుముకు బిగించింది.

"వచ్చినావా తల్లీ! మా ఆయప్పకు సెల్లులో ఫోటో తీసేదే సరిగ్గా రాదు. కర్నూల్లో కంప్యూటర్లు పాడు జేసేది యాడ వస్తాది? నీ చేతులెట్ల వచ్చినాయమ్మా ఆ రాతలు రాయనీకి?"

"నువ్వుండు సోమీ" అంటూ ఓబులేసు తలుపు తీశాడు. కళ్లు గుంతలు పడి ఉన్నాయి. "రా మేడం. పెట్టె ఈడుండాది."

పెట్టె మీద పసుపు, కుంకుమ. పక్కన బల్ల మీద నీళ్ల రిజిస్టరు తెరిచి ఉంది. మొదటి పేజీ పైన, తేదీకంటే ముందు, ముత్యాల్లాంటి అక్షరాలతో 'శ్రీ అహోబిల లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న' అని రాసి ఉంది. పెట్టెకున్న చిన్న తెరలోకి వంగి చూశాను. పేరు అన్న చోట అవే అక్షరాలు కొసకు 'ఏడో పంపు' తగిలించుకుని నెమ్మదిగా జరుగుతున్నాయి.

యా అల్లా!

కంప్యూటర్ లోపల తెలుగు అక్షరమైనా, గుణింతమైనా, ఒక్కొక్క గుర్తుకూ మూడు బైట్ల చోటు కావాలి. ప్రతి గుర్తూ ఈ-సున్నాతోనే మొదలవుతుంది. తర్వాత బీ-సున్నా, లేదంటే బీ-ఒకటి. అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. మొత్తం నూట ముప్పై నాలుగు బైట్లు. నేను పేరు కోసం పెట్టిన చోటు అరవై నాలుగు. దాడీ లేదు, చెత్తా లేదు, అది తెలుగు. పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడుతూ, తెలుగును చూసి దొంగ అని అరిచింది నేను.

"ఇంత పేరు ఎందుకు పెట్టినావన్నా?" అన్నాను.

"సోమవారం కొత్త పెట్టె బిగించి పోయిరి గదా మేడం. పేరు రాయమని అడిగింది. ఏం పేరు పెట్టల్ల అని నీకు ఫోన్ జేస్తి. 'నాకు వంద పనులున్నాయి, నీకిష్టమొచ్చిన పేరు పెట్టుకోపో' అంటివి. కొత్త వస్తువుకు మొదులు సామి పేరే గదా రాసేది?"

ఆ ఫోన్ గుర్తుంది. ఆయన ఇంకేదో అడగబోతుంటే కట్ చేసింది కూడా గుర్తుంది.

"ఈ మాట సార్‌తో చెప్పలేదా?"

"చెప్తే నిన్ను గూడా లాగుతారని చెప్పలే. నీదీ కాంట్రాక్టు ఉజ్జోగమే గదా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పొడుగు పేరు మా ప్రోగ్రాంలో పట్టకే ఇదంతా జరిగిందని ఇద్దరికీ చెప్పి, పెట్టెను విప్పడం మొదలుపెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు ఓబులేసు పెట్టెను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. డోన్ దాటేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను. నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. 'సాఫ్ట్‌వేర్ తప్పు' అని చెప్తే చాలు. అబద్ధం కాదు. కంపెనీ ఎక్కడో ఉంది, ఎవరడగొచ్చారు? ఓబులేసు బయటపడతాడు, నేనూ బయటపడతాను.

అంతలో ఆయనే అన్నాడు: "పేరు పెట్టి తప్పు జేస్తి మేడం. సార్ కాళ్లు పట్టుకోని తీసేస్తానని చెప్తా. సామి పేరు పెడితే మూడూర్ల నీళ్లు ఆగిపాయనే అని మా యామె అన్నం గూడా తినకుండా ఉండాది."

మూడింటికి దేవేంద్రప్ప సార్ గదిలోకి పోయాం. ఓబులేసు తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సార్ ముందర నా రిపోర్టు, పక్కన పోలీసులకు రాసిన కాగితం, సంతకం ఒక్కటే తక్కువ.

"ఆ రిపోర్టు తప్పు సార్" అన్నాను. తెలుగు సంగతి, బైట్ల సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను.

సార్ విని తల పంకించాడు. "అట్లయితే సాఫ్ట్‌వేర్ తప్పన్నమాట. కంపెనీ వాళ్లకు గట్టిగా ఒక లెటర్ రాద్దాం పా."

తలుపు తెరిచి చూపిస్తున్నాడు మహానుభావుడు, దూరిపోతే సరిపోయేది. ఓబులేసు వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"కంపెనీ తప్పు కాదు సార్. ఆ ముక్క రాసింది నేను. పేరు ఎంత పొడవుందో ప్యాకెట్టే ముందు చెప్తుంది. చోటు చాలుతుందా లేదా చూసి తీసుకోవాలి. ఆ చూసే లైను నేను రాయలేదు. ఏం పేరు పెట్టాలని ఈయన అడిగితే కసురుకుని ఫోన్ పెట్టేసిందీ నేనే."

ఓబులేసు తలెత్తి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏమమ్మా, నెలాఖరుకు నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉండాది. తెలుసు గదా?"

"తెలుసు సార్."

సార్ పోలీసు కాగితాన్ని నిలువునా చింపి, తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "ఇప్పుడు చెప్పినదంతా రాసియ్యి. ఓబులేసూ, రేపట్నుంచి డ్యూటీకి పోప్పా." నా కాంట్రాక్టు గురించి ఇంకో మాట అనలేదు. అనకపోవడంలోనే నాకు అర్థమైంది.

రాసిచ్చి కంట్రోల్ రూమ్‌కు వచ్చాను. వదిలేసిన ఆ లైనును రాశాను, పేరుకు చోటు పెంచాను, ఏడో పంపుకు పెట్టిన అడ్డు తీసేశాను. పావుగంట పని. రెండేళ్లు చేయలేదు. పెట్టెను అక్కడే తగిలించి, పది నిమిషాలు ఎదురుచూశాం. ఓబులేసు కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను కూర్చోలేక గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను.

"ఇంగ్లీషులో చిన్న పేరు పెట్టేద్దామా మేడం?"

"నువ్వు ముట్టుకోవద్దు అన్నా."

ప్యాకెట్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ నిలబడింది. తెర మీద పేరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా పడింది. ఓబులేసు దగ్గరికి వచ్చి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుని, చేతులు జోడించాడు. ఆ మీదట బయటికి పోయి సోమక్కకు ఫోన్ చేసి, "అన్నం తినుపో" అన్నాడు.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఫోన్ తీసుకుని మొదటి పంపు ఆపరేటర్ నంబరు కొట్టాను. "అన్నా, నేను సాజియాను" అన్నాను. "మీ పంపుకు ఏం పేరు పెట్టుకుంటారు? నిదానంగా చెప్పండి, నాకేం తొందర లేదు."