బంగాళదుంపల దారి

రంగు డబ్బాలు మోసే ఆ చిన్న వ్యానుకి ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తితే చాలు, పొయ్యి మొహం మీదికి వచ్చినంత సెగ. మిగతా డ్రైవర్లు ఆ సెగకి వ్యాను చేసినవాణ్ణి తిట్టుకునేవాళ్లు. బావకి మాత్రం అందులో వంటిల్లు కనిపించింది.

బావ అంటే ఆ వ్యాను డ్రైవరు. పక్కన కూర్చుని డబ్బాలు దించేవాడు అతని భార్య తమ్ముడు. వీడు రోజంతా "బావా, బావా" అని అరుస్తుంటే వినీ వినీ రంగుల గోడౌను గేటు దగ్గర కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరూ అతన్ని బావ అనే పిలవడం మొదలుపెట్టారు. ఆ లెక్కన గోడౌనంతటికీ వీడొక్కడే బావమరిది. అందుకు వీడికి విచారమేమీ లేదు. అందరి దగ్గరా టీ తాగే హక్కు దొరికిందని సంతోషం.

మధ్యాహ్నం తిండి వీళ్లకి పెద్ద సమస్యగా ఉండేది. హోటలుకి వెళితే జేబు ఖాళీ, తోపుడు బండి దగ్గర తింటే కడుపు ఖాళీ. ఇంటినుంచి పట్టుకెళ్లే అన్నం ఆ వేళకి గడ్డకట్టి ఉండేది. చివరికి బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. దుంపలూ ఉల్లిపాయలూ కడిగి, ఉప్పూ మిరియాల పొడీ రాసి, ఫాయిల్ కాగితంలో చుట్టి, సీటు ఎత్తి పొగగొట్టం పక్కన తీగతో కట్టేయడమే. గోడౌనులో పచ్చిగా ఎక్కిన దుంప రెండో షాపు దగ్గర మెత్తగా దిగేది. తోడు నాలుగు రొట్టె ముక్కలు. గిన్నె తోమే పని లేదు, కాగితం నలిపి పారేస్తే వంటిల్లు కడిగినట్టే.

చిక్కల్లా ఒక్కటే. రెండో షాపుకి బైపాస్ మీద పోతే తొందరగా వెళ్లిపోవచ్చు గానీ దుంప లోపల పచ్చిగానే ఉండిపోతుంది. మార్కెట్టు చుట్టూ తిరిగి పోతే వెన్నలా ఉడుకుతుంది. ఒకసారి పచ్చిదుంప పంటికింద కరకరలాడాక, ఆ వ్యాను ఇక బైపాస్ మొహం చూడలేదు.

ఇలా రోజులు సాఫీగా జరిగిపోతుండగా పెద్దాఫీసు నుంచి కొత్త సారు దిగాడు. ఒక్కో రోజు ఒక్కో వ్యాను ఎక్కి కూర్చుంటున్నాడు. ఏ వ్యానుకి డ్రైవరొక్కడు సరిపోతాడో చూడటం ఆయన పని. అప్పటికే రెండు వ్యానుల్లో డబ్బాలు దించేవాళ్లు ఇంటికి వెళ్లిపోయారు.

బావకి బెంగ పట్టుకుంది. బావమరిది అంతకుముందు బట్టల కొట్లో చేరి, కొనడానికొచ్చినవాళ్లతో పోట్లాడి మానేశాడు. రాత్రి కాపలాకి కుదిరి, దొంగలకంటే ముందు నిద్రపోయి పోగొట్టుకున్నాడు. కుదురుగా నిలబడ్డ పని ఇదొక్కటే. ఇదీ పోతే వాడు ఇంట్లో టీవీ ముందు పడుకుంటాడు. అక్కకీ తమ్ముడికీ మధ్య నలిగేది బావే.

సారు ఎక్కే రోజు పొద్దున భార్య బావ చేతికి సంచీ ఇచ్చింది.

"ఏమండీ, ఇవాళ మీ సీటు కింద వంట వద్దు. రొట్టె, అరటిపళ్లు పెట్టాను. మర్యాదగా తిని రండి."

"నాకెందుకు చెబుతావ్? మీ తమ్ముడికి చెప్పు."

"చెప్పాను. తలూపాడు."

"వాడు గంగిరెద్దులా అన్నిటికీ తలూపుతాడు!"

సారు వచ్చి, ముందు సీటులో సరిగ్గా మధ్యన, ఇంజను మీద కూర్చున్నాడు. మొదటి షాపు దగ్గర కిందికి దిగలేదు. పక్క అద్దంలో వీళ్లు డబ్బాలు దించడం చూస్తూ ఉండిపోయాడు. వ్యాను వెనక బావమరిది గొంతు తగ్గించాడు.

"బావా, చిన్న పొరపాటు జరిగింది."

"డబ్బా పగలగొట్టావా?"

"కాదు. దుంపలు పెట్టేశాను."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, రోజూ పెట్టేచోటే. సారు వాటి మీదే కూర్చున్నాడు."

"ఒరేయ్, మీ అక్క వద్దందిగా!"

"అక్క చెప్పేసరికే పొట్లాలు చుట్టేశాను, గోడౌనుకి రాగానే మామూలుగా పెట్టేశాను. చేతికి అలవాటైపోయింది బావా, నా తప్పేం లేదు."

"వెళ్లి తీసెయ్."

"సారుని లేపి తియ్యాలి. నువ్వు లేపుతావా?"

బావ లేపలేదు. బండెక్కగానే సారు అడిగాడు.

"ఈ కాసిన్ని డబ్బాలకి ఇద్దరెందుకయ్యా?"

"తరవాత షాపుకి ఎక్కువుంటాయి సార్," అన్నాడు బావ.

"సరే, బైపాస్ మీద పోనీ."

"అటు రోడ్డు బాగాలేదు సార్. అన్నీ గుంతలే. డబ్బాల మూతలు ఊడిపోతాయి."

"చూద్దాం, పోనీ."

పోనిచ్చాడు. ఆ రోడ్డు మీద నిండు గ్లాసు పెట్టినా చుక్క తొణకదు. సారు అటూ ఇటూ చూశాడు.

"గుంతలేవి?"

"పూడ్చేసినట్టున్నారు సార్," అన్నాడు బావమరిది.

"ఎప్పుడు?"

"మేం ఇటు రాం కదా సార్, మాకెలా తెలుస్తుంది?"

బావ వాడి కాలు తొక్కుదామనుకున్నాడు. మధ్యలో సారు కాళ్లున్నాయి. ఇంతలో సారు ఒకసారి కుడివైపు ఒరిగాడు, ఒకసారి ఎడమవైపు ఒరిగాడు. తరవాత ముక్కెగరేశాడు. ఉల్లిపాయ వేగుతున్న వాసన కాదది, మాడుతున్న వాసన. పొట్లం ఎక్కడో చిరిగి ఉల్లిపాయ గొట్టానికి అంటుకుంది.

"ఆపు! ఆపవయ్యా! ఇంజను కాలిపోతోంది!"

బండి పూర్తిగా ఆగకముందే సారు బావమరిదిని తోసుకుని రోడ్డు మీదికి దూకాడు. ఇదే సందని బావమరిది అందుకున్నాడు.

"అవున్సార్, ఇంజనే. ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాం."

సారు ఫోను తీశాడు, షెడ్డు నుంచి మనిషిని పిలిపించడానికి. మెకానిక్కు వస్తే ముందు ఎత్తేది సీటే. ఒక అబద్ధం ఆ నున్నటి రోడ్డు మీద అప్పటికే దొరికిపోయింది. రెండోది కూడా దొరికితే ఇద్దరికీ కలిపి ఒకేసారి దారి చూపిస్తారు. బావ వెళ్లి తనే సీటు ఎత్తాడు.

"ఇంజనుకేం కాలేదు సార్. ఇది మా మధ్యాహ్నం భోజనం. ఇందాకట్నుంచీ మీరు దీని మీదే కూర్చున్నారు."

సారు వంగి చూశాడు. తీగతో కట్టిన పొట్లాలు గుడ్డు పెట్టే చోట కోడి కూర్చున్నట్టు కుదురుగా ఉన్నాయి.

"చుట్టుదారి దీనికోసమేనా?"

"అవును సార్. ఇటు వస్తే ఉడకవు."

"అంటే కంపెనీ డీజిలుతో వంట."

"డీజిలుతో కాదు సార్, సెగతో," అన్నాడు బావమరిది. "సెగ ఎలాగూ గాల్లో కలిసేదే కదా."

"నువ్వు నోరు ముయ్యరా," అని బావ సారు వైపు తిరిగాడు. "దారి తిప్పింది నేను సార్. వీడు డబ్బాలు మోసేవాడు, స్టీరింగు ముట్టుకోడు. ఏం చేసినా నన్ను చెయ్యండి. వీణ్ణి మాత్రం తీసెయ్యకండి."

సారు రోడ్డు వైపు చూసి, ఈ దారిన వస్తే మిగిలే సమయంలో ఏం చేస్తారని అడిగాడు. ఆ ప్రశ్నలో గొయ్యి ఎక్కడుందో బావకి తెలిసిపోయింది. "ఏమీ చెయ్యం" అంటే బావమరిది అనవసరం. మొయ్యగలిగిన పని చూపించాలి, అది ఒక్కడు మొయ్యలేనిది కూడా అయ్యుండాలి.

"వంతెన అవతలి పెద్ద షాపువాడు సరుకు ఆలస్యమవుతోందని రోజూ ఫోన్లు చేస్తున్నాడట కదా సార్. అది మాకెయ్యండి. అక్కడికి పోయేవన్నీ పెద్ద డబ్బాలు. మెట్లు కూడా ఎక్కించాలి. ఒక్కడివల్ల కాదు."

బావమరిది నోరు తెరిచాడు. వాడి మొహం తాతగారి పొలం వాడి కళ్లముందే అమ్మేస్తున్నట్టు ఉంది.

"రోజూ వెయ్యమంటావా?" అన్నాడు సారు.

"రోజూ సార్."

"రేపట్నుంచి ఆ షాపు కూడా మీదే. ఇద్దరూ చేసుకోండి. ఈ పొట్లాలు మాత్రం మళ్లీ కనపడకూడదు."

దుంపలు విప్పి చూస్తే సగం ఉడికాయి, సగం లేదు. ముగ్గురూ రోడ్డు పక్కన చెట్టు నీడన నిలబడి తిన్నారు. సారు ఒక అరటిపండు తీసుకున్నాడు. దుంప వైపు రెండుసార్లు చూశాడు గానీ అడగలేదు. వీళ్లూ పెట్టలేదు.

మర్నాడు వంతెన అవతలి షాపు మెట్ల మీద బావమరిది సగంలో డబ్బా దించేసి చతికిలపడ్డాడు.

"ఉద్యోగం నిలబడింది గానీ నా నడుం పడిపోయింది బావా."

"నడుం రేప్పొద్దునకి అదే లేస్తుంది. ఉద్యోగం పడితే లేపడం నావల్ల కాదు," అన్నాడు బావ రెండు మెట్లు కిందికి దిగి వంగుతూ. "పట్టుకో ఆ చివర."