శెట్టిగారి వంజరం

కర్నూల్లో కేశవయ్య శెట్టి చేపలమ్ముతాడంటే నవ్వనివాళ్లు లేరు. ఆయన పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టలేదు. ఊరి చుట్టూ హోటళ్లు వెలిశాక, ఆయన ఐస్‌క్రీముల ఫ్రీజర్ల పక్కన చేపల ఫ్రీజర్లూ చేరాయి. వాటిని చూసుకోవడానికి రసూల్ సాహెబ్ ఉన్నాడు.

ఈ వేసవిలో సముద్రంలో వేట ఆపేశారు. ఖరీదైన వంజరం చేప రాలేదు. హోటలువాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఒక మధ్యాహ్నం సాహెబు నమాజుకు వెళ్లిన సమయం చూసి, శెట్టి ముక్కు మూసుకుని, చెరువుల్లో పెంచే చవక పంగస్ ముక్కల ప్యాకెట్లకు తన చేత్తోనే వంజరం లేబుళ్లు అంటించాడు. ముల్లు లేదు, తోలు లేదు, అన్నీ తెల్లగానే ఉన్నాయి. ముట్టనివాడికి ఏ చేపైనా ఒకటే కంపు. తినేవాడికీ అంతేననుకున్నాడు మహానుభావుడు.

తనిఖీవాళ్లు హోటల్లో ముక్క పట్టుకెళ్లి డీఎన్ఏ పరీక్ష చేయించారు. పంగస్ అని తేలింది. అధికారి కొట్టుకు వచ్చి నిలదీస్తే శెట్టి నోట అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

“నేను చేప ముట్టేవాణ్ణి కాదు సార్. అదంతా మా సాయిబే చూస్తాడు.”

అధికారి నమ్మేశాడు. కేసు సాహెబు మీదే పెడతామన్నాడు. సాయంత్రానికి బజారంతా సాహెబును దొంగన్నది. శెట్టికి అన్నం సయించలేదు. తెల్లారగానే సాహెబు ఇంటికి వెళ్లాడు.

“నాదే తప్పు శెట్టిగారూ,” అన్నాడు సాహెబు తల వంచుకుని. “ఒక ప్యాకెట్టన్నా విప్పి చూసింటే మీకీ మాట వచ్చేది కాదు.”

సాహెబు భార్య జైనాబ్ బీ టీ తెచ్చింది.

“తాగన్నా. మీ గిన్నెలోనే కాచినా. దానికి నీచు తగలనియ్యం. మొన్న బక్రీదుకు ఇల్లంతా చుట్టాలే, గిన్నెలు చాలకపోయినా దాన్ని గూట్లోంచి దించలే.”

ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో టీ తాగుతున్నాడు. ఒక్కనాడూ అనుమానం రాలేదు. ఎవరూ చూడని వంటింట్లో వీళ్లు తన నియమం కాపాడారు. శెట్టి సిగ్గుతో చచ్చిపోయాడు.

గ్లాసు ముట్టకుండానే లేచాడు.

“ఆ లేబుళ్లు అంటించింది నేను సాయిబూ. నువ్వు నమాజుకు పోయింటివి.”

సాహెబు వంచిన తల ఎత్తి శెట్టి ముఖంలోకి చూశాడు.

“ఆఫీసరుకు చెప్పొస్తా. వచ్చి తాగుతా,” అన్నాడు శెట్టి.

జైనాబ్ బీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ కాచిపెడతానని మాత్రం అనలేదు.