ఆడోళ్ల దోవ

"నీళ్లు ఎక్కువ తాగాకు ప్రసన్నా. ఆడ నీకు ఇబ్బంది."

బూట్ల తాళ్లు కట్టుకుంటూ మా బావ ఆ మాట అన్నప్పుడు నేను ఆయన క్యారియర్‌కు మూత బిగిస్తున్నాను. వసంతకుమార్ నాకు మేనత్త కొడుకు. పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తాను. నేను గనికి పోవాల్సిన రోజు పొద్దున్నే ఆయన నోట ఈ మాట రాక మానదు. నేను తిన్నానా, పడుకున్నానా అని అడిగే మనిషి ఆ ఇంట్లో లేడు. కూరలో ఉప్పు తగ్గితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది, నాకు జ్వరం వస్తే నాకొక్కదానికే తెలుస్తుంది. అలాంటిచోట నా ఒంటి ఇబ్బంది ఒకటి ఈయనకు గుర్తుందే అని మురిసిపోయేదాన్ని. ఆ ఒక్క మాట కోసం ఆయన అనే మిగతా మాటలు చాలా మరిచిపోయాను కూడా.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తాను. గనులకూ ఫ్యాక్టరీలకూ వెళ్లి, వాళ్లు బయటికి వదిలే నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్షించడం నా పని. మేముండే డోన్‌కు కాస్త దూరంలో ఉన్న బలపం రాయి గని నా వంతుకు వచ్చింది. ఆ రాయి తవ్వి, పొడికొట్టి, తెల్లగా రావడానికి ఆసిడ్‌తో కడుగుతారు. మనం మొహానికి రాసుకునే పౌడరు అందులోంచే వస్తుంది. అక్కడ రెండు రకాల నీళ్లుంటాయి. గని మీద పడ్డ వాన నీళ్లు కాలవలో పారి, ఒక చెరువులో తేరుకుని వంకలోకి పోవచ్చు. పొడి కడిగిన నీళ్లు మాత్రం గుంతలోనే ఉండాలి, గని దాటి చుక్క కూడా పోకూడదు. ఈ రెండూ కలవలేదని చూసి సంతకం పెట్టాల్సింది నేను.

ఆ గనిలో పంపుల సూపర్‌వైజరు మా బావ. మొగుడు పంపులు నడిపే చోటికి పెళ్లాన్ని తనిఖీకి పంపడమేమిటని మొదట్లోనే మా ల్యాబులో అడిగాను. "యజమానే మీరు కావాలన్నారమ్మా, మనింటి మనిషైతే బాగుంటుందని" అన్నారు. తనిఖీకి వచ్చినదాన్ని ఇంటి మనిషిని చేసుకుంటే వాళ్లకు సగం పని అయిపోయినట్టేనని అప్పుడు నాకు తట్టలేదు. ఇంటి మనిషంటే అడగకుండా పనులు చేసేదని, ఎదురు ప్రశ్న అడిగితే మాట పడేదని ఇంట్లో అంత బాగా నేర్చుకున్నదాన్ని, గని దగ్గర ఎలా మరిచిపోయానో.

"మా ఇంటామె పొద్దున మున్సిపాలిటీ నీళ్లు పడతాది, పగలు కంపెనీ నీళ్లు పడతాది. పట్టేదే పని" అని మా బావ స్నేహితుల ముందు నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. కొళాయి వచ్చిన రోజున డ్రమ్ములు నింపి, బిందెలు నింపి, నడుము పట్టుకుని నిలబడితే ఆ నీళ్లతో స్నానం చేసి మెరిసిపోతూ బయటికి వచ్చే మనిషి ఆయనే. మా అత్త రాహేలమ్మ దృష్టి మాత్రం ఈమధ్య ఒక్కదాని మీదే ఉంది. కొడుకు ఫోర్‌మన్ కావాలి. పోయిన ఆదివారం చర్చిలో లేచి నిలబడి అందరితో ప్రార్థన చేయించింది. ఇంటికొచ్చాక నాకు విడిగా చెప్పింది: "దేవుడు ఇచ్చేది ఇస్తాడు. నువ్వు ఆడికి పోయి తిక్క రాతలు రాయకుండా ఉంటే సాలు."

ఆ వేళ తెల్లవారుజాము నుంచి వాన. మా వైపు వాన పడితే జనం వాకిట్లోకి వచ్చి నిలబడి చూస్తారు. మా బావ మాత్రం మబ్బు వంక చూసి, "ఈ పొద్దు నువ్వు రాకుంటే ఏం? ఇంకో దినం పెట్టుకో" అన్నాడు. వాన పడుతున్నప్పుడే వాన నీళ్లు చూడాలి, ఎండలో ఏం చూస్తానన్నాను.  బండి గట్టిగా రేజ్ చేసి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే నేను చెంబెడు నీళ్లు తాగాను, ఆ వెంటనే ఇంకో చెంబు. మూత్రంలో మంట నాకు ఈమధ్య మళ్లీ వచ్చింది. "పొద్దంతా ఆపుకుంటావు, నీళ్లు తాగవు, ఇంకేం వస్తుందమ్మా? కిడ్నీలు పోగొట్టుకుంటావా?" అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. ఇంట్లో చెబితే మా అత్త "ఆడదానికి ఇయ్యన్నీ మామూలే" అని చాటలో బియ్యం ఏరుకుంది. మామూలే కావచ్చు. మంట మాత్రం నాది కదా.

గని గేటు దగ్గర మేనేజరు ఓబుళేశు గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. "రాండి మేడమ్, మా వసంతు భార్యంటే మాకు చెల్లెలు మాదిరి." కాలవ చూశాను, శుభ్రంగా ఉంది. చెరువులోంచి బయటికి పోయే నీళ్లు సీసాల్లో పట్టాను. కొంచెం ఎర్రమన్ను, అంతే. లోపలికి నడిచి కడుగు నీళ్ల గుంత దగ్గర ఆగాను. గుంత గోడ మీద పైన నీళ్లు నిలిచిన తెల్లటి గీత ఉంది, వానకు ఇంకా కొట్టుకుపోలేదు. నీళ్లు మాత్రం అడుగున ఎక్కడో ఉన్నాయి.

"ఇన్ని నీళ్లు యాడికి పోయినాయన్నా?"

"ఆవిరయ్యుంటాయి మేడమ్. మన ఎండలు మీకు తెల్దా?"

"వాన పడతాంటే ఆవిరా?"

ఓబుళేశు గట్టిగా నవ్వాడు. పంపుల గది గుమ్మంలో మా బావ నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూస్తే ఆయన పంపు వైపు చూశాడు.  గుంత ఖాళీ అయ్యింది, చెరువులోకి రాలేదు, నాకిచ్చిన పటంలో నీళ్లు బయటికి పోయే దారి ఇంకొకటి లేదు. గని చుట్టూ గట్టు వెంబడి లోపలి వైపు వానలో తడుస్తూ నడిచాను. ఎక్కడా ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోతే సంతకం పెట్టి పోవాల్సిందే. అనుమానం ఉందని రాస్తే మీ ఆయన మీదే నీకు అనుమానమా అంటారు. అదీ నిజమే, నాకు ఆయన మీదే అనుమానం. అది ఒప్పుకోవడానికే నాకు భయంగా ఉంది.

ఈ లోపల పొద్దున తాగిన రెండు చెంబులూ తమ పని మొదలుపెట్టాయి. ఆఫీసు పక్కన ఉన్న మరుగుదొడ్డి మగవాళ్లది, దానికి తలుపు కూడా సరిగా లేదు. యజమాని గదిలో ఇంకొకటి ఉంది. జన్మలో మొదటిసారి నోరు తెరిచి తాళం అడిగాను. ఓబుళేశు మొహం ఎర్రబడింది, నేనేదో బూతు మాట్లాడినట్టు. "సారు తాళమేసుకోని పోయినారు మేడమ్. ఇంగ అరగంట ఓర్చుకోండి, బండిలో ఇంటికి పంపిస్తా." ఆ గనిలో రాయి ఏరే పనికి ఊరి ఆడవాళ్లు ఎంతమంది వస్తారో నాకు తెలుసు. వాళ్లెక్కడికి పోతారో ఎన్నడూ ఆలోచించలేదు. నీళ్లు తాగకుండా వచ్చి, నీళ్లు తాగకుండా పోయేదాన్ని కాబట్టి నాకు ఆ అవసరమే పడలేదు.

రాళ్ల షెడ్డు కింద తల మీద గోనెసంచి కప్పుకుని నిలబడిన రామలక్ష్మమ్మ నా అవస్థ చూసింది. ఆమె అక్కడ అందరికంటే పాత మనిషి.  "రా పాపా, మేమూ పోతాండాం" అంది. నలుగురు ఆడవాళ్లు నా ముందూ వెనకా నడిచారు. సీసాల సంచి భుజానే ఉంది, ఎవరికీ ఇవ్వడం అలవాటు లేదు నాకు. షెడ్డు వెనక గట్టు ఎక్కి అవతలికి దిగితే కంపచెట్ల మధ్య నుంచి వంకలోకి సన్నటి దోవ ఉంది. "ఇది ఆడోళ్ల దోవ. ఈడికి మగోళ్లు రారు, భయపడాకు" అంది రామలక్ష్మమ్మ.

నా పని అయ్యాక చీర సర్దుకుంటుంటే నీళ్ల చప్పుడు వినపడింది. వంకలో పారే చప్పుడు కాదది, పైనుంచి పడుతున్న చప్పుడు. కంపచెట్లు పక్కకు తోసి చూశాను. గట్టు అడుగున నా చేయంత లావు పైపు. అందులోంచి మజ్జిగలాంటి తెల్లటి నీళ్లు ధారగా పడుతున్నాయి. కొంచెం దూరం తెల్లగానే పోయి, వంకలో ఎర్రటి వాన నీళ్లలో కలిసిపోతున్నాయి. సంచిలోంచి కాగితం తీసి ముంచాను. ఆసిడ్ ఉంటే ఆ కాగితం ఎర్రగా మారుతుంది. ముంచిన చోట నెత్తురు మరకలా ఎర్రబడింది.

"వాన పడిన పొద్దల్లా ఇడుస్తారు" అంది రామలక్ష్మమ్మ. చీర కుచ్చిళ్లు ఎత్తి కాళ్లు చూపించింది. మడమల నుంచి పైకి చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. మిగతా వాళ్లూ చూపించారు. కడుక్కోవడానికి వాళ్లకు అక్కడ వేరే నీళ్లు లేవు.

"ఇన్ని దినాలు ఎవురికీ చెప్పలేదా పెద్దమ్మా?"

"యాడ సూసినావు, ఆడికి ఎందుకు పోయినావు అని అడగరా? దొడ్డికి పోయి సూసినామని ఆ మగోళ్ల మొకాన చెప్పల్లనా?" ఒక్క క్షణం నా మొహం చూసి, తల దించుకుని అంది. "ఈ పైపు మన్నులో పూడ్పించింది మీ ఇంటాయనే పాపా. ఆ పొద్దు మమ్మల్ని పనిలోకి రావద్దని చెప్పి పంపించేసినారు."

నేను అక్కడే ఒక బండ మీద కూలబడ్డాను. ఎంత తెలివి. తనిఖీకి వచ్చే మగవాళ్లు, పెద్ద పెద్ద ఆఫీసర్లు, ఆడవాళ్లు బయటికి పోయే దోవ వైపు చూడటానికే సిగ్గుపడతారు. మర్యాదస్తులు. ఎవడూ రాడు. వచ్చే ప్రమాదం ఉన్న తనిఖీ మనిషిని ఒక్క నేనే. నన్ను రాకుండా చేయడానికి గోడ అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. నీళ్లు తాగొద్దని పొద్దున్నే ప్రేమగా ఒక మాట చెబితే చాలు. ఆ మాటకు నేను మురిసిపోయాను. ఆ మాట కోసం మంట భరించాను. ఆపుకుని ఆపుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగాను. మా బావ నా ఒంటిని గుర్తుపెట్టుకున్న మాట నిజమే. పంపు సామర్థ్యం గుర్తుపెట్టుకున్నట్టే గుర్తుపెట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండిపోయింది.

సంచి విప్పి సీసాలు బయటికి తీశాను.

"ప్రసన్నా!"

గట్టు మీద మా బావ. నేను షెడ్డు వెనక్కు పోవడం ఓబుళేశు చూసి చెప్పి ఉంటాడు. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. రెండడుగులు కిందికి వేశాడో లేదో రామలక్ష్మమ్మ గొంతు లేచింది: "ఆడోళ్లుండాం! రావాకండి!" ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. గబుక్కున అటు తిరిగి నిలబడ్డాడు, మాకు వీపు చూపిస్తూ.

"పైకి రా ప్రసన్నా. ఆడేం పని నీకు?"

"నా పనే చేస్తాండా బావా."

"ఆ నీళ్లు పట్టాకు. నా మాటిను. ఫోర్‌మన్ పని పోతాది, ఉండే పనీ పోతాది. అమ్మకు ఏం చెప్తావు?"

"నువ్వే దిగొచ్చి సీసాలు పారబోసి పో."

ఆయన కదల్లేదు. నలుగురు ఆడవాళ్లూ దోవకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.  రేపు వీళ్లకు పని ఉండదేమోనని నాకు తట్టింది. వాళ్లకూ తట్టే ఉంటుంది.

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు గొంతు తగ్గించి. ఆ మెత్తదనం నాకు బాగా తెలుసు. ఇంటికి పోతే ఏమవుతుందో కూడా తెలుసు. అత్త ఏడుస్తుంది, ఆయన అన్నం మానేస్తాడు, నేను బతిమాలతాను. ఆ బతిమాలడంలో సీసాలు ఎటో పోతాయి.  ఒక సీసా జారి బండకు తగిలింది, పగల్లేదు. మళ్లీ తీసుకుని పైపు కింద పట్టాను. తెల్లటి నీళ్లు సీసా మెడదాకా వచ్చాయి. ఈ పని నేను ఎన్నిసార్లు చేశానో, ఇంట్లోనూ బయటా. ఇంత భయంతో ఎప్పుడూ చేయలేదు.

"ఎవురు నమ్ముతారే నిన్ను? ఎవురు సూసినారు?" అని అటు తిరిగే అరిచాడు.

అది సరైన ప్రశ్నే. నీళ్లు పట్టేటప్పుడు గని తరఫు మనిషి ఒకరు ఎదురుగా ఉండి చూడాలి, లేకపోతే ఆ సీసాకు విలువ లేదు. నిండిన సీసాకు బిరడా బిగించి కింద పెట్టి, రెండోది తీసుకుని ధార కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకున్నాను.

"ఇటు తిరుగు బావా" అన్నాను. "ఆడోళ్లుండారని సిగ్గుపడాకు. ఈ సీసా నిండేదాకా సూడు. కంపెనీ మనిషివి ఈడ నువ్వే ఉండావు, సాక్షి కింద నీ పేరే రాస్తాండా."