చెయ్యి కదపకుండానే

"పనిచేసే రెక్కకు నొప్పి రాకుండా ఎట్టుంటాది?" అన్నాడు మా ఆయన పోలేరయ్య. నేనప్పుడు తడి వలను దండెం మీదికి ఎత్తుతున్నాను.

అందులో అబద్ధం లేదు. పదహారేళ్లుగా రొయ్యల షెడ్డులో ఐసు ముందు నిలబడి తలలు తుంచుతున్నాను. ఇంటికొచ్చి నీళ్లు మోస్తాను, వలలు ఆరేస్తాను. కుడి భుజం పట్టేసి ఏడాదైంది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు. ఊరికొచ్చే నర్సు ప్రేమలీలక్క భుజం నొక్కి చూసి, "కీలు బిగుసుకుంది చెంచులక్ష్మీ. నెల్లూరు పోయి చూపించుకో, షుగరు కూడా చూపించుకో. ఇంకోమాట. చెయ్యి కదపకుండానే నొప్పొచ్చి, చెమటపట్టి, ఊపిరాడకపోతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగబాక, ఆసుపత్రికి పో" అంది.

ఇంట్లో చెప్తే అత్త కామాక్షమ్మ, "జనాన్ని భయపెట్టకపోతే నర్సులకు పొద్దుపోదు" అంది. నెల్లూరు ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

మొన్న మంగళవారం పొద్దున పులుసు ఉడుకుతోంది. ఈసారి ఎడమ భుజం. నేనేమీ ఎత్తలేదు, ఏమీ తిప్పలేదు. రొమ్ముల మధ్య బండ పెట్టినట్టు బరువు, అక్కడినుంచి భుజానికీ దవడకీ పాకుతున్న నొప్పి. సముద్రం మీదనుంచి చల్లగాలి వీస్తున్నా రవికె చెమటతో తడిసిపోయింది. కూర్చున్నాను. తగ్గలేదు.

"ఏందిమే కూర్చున్నావు? పడవకాడ అందరూ కూటికోసం కాచుకోనుండారు," అన్నాడు పోలేరయ్య.

"భుజం లాగేస్తా ఉంది. ఊపిరాడటం లేదు."

"బామ్ రాసుకో. రెక్కనొప్పికి సచ్చినోళ్లు ఎవురుండారు?"

ఉన్నారు. మా అమ్మ. భుజం పట్టుకునే అందరికీ వడ్డించింది, గిన్నెలు కడిగింది, గోడకు ఆనుకుని కూర్చుంది. అలసి నిద్రపోయిందనుకున్నాం. సాయంత్రం దీపం పెట్టమని లేపబోయేదాకా ఎవరమూ ముట్టుకోలేదు.

పొయ్యి ఆర్పేశాను. నూట ఎనిమిదికి నేనే ఫోన్ చేసి, గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. "పులుసు ఉడకనేలేదే, కూడు ఎవురు పెడతారు?" అని అత్త వెనకనుంచి అడుగుతూనే ఉంది. ఉన్న ఊపిరి జవాబుకు ఖర్చుపెట్టదలచుకోలేదు.

నెల్లూరు ఆసుపత్రిలో ఈసీజీ చూసి డాక్టరమ్మ మొహం మారింది. "గుండెపోటు. ఇంటిదగ్గరే ఉండుంటే..." అని ఆపేసింది.

"నిన్ను ఎవరు తీసుకొచ్చారమ్మా?" కాగితం రాస్తున్న నర్సు అడిగింది.

"నేనే," అన్నాను.